రోజూ సుడోకు చేస్తున్నాను, ఇంకా ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 68. అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బీపీకి ఒక మాత్ర తప్ప వేరే జబ్బులేవీ లేవు. పదేళ్లుగా రోజూ పొద్దున్నే సుడోకు పూర్తి చేస్తాను. అయినా ఈమధ్య తెలిసినవాళ్ల పేర్లు సమయానికి గుర్తు రావడం లేదు. మా అబ్బాయి ఫోన్‌లో బ్రెయిన్ గేమ్స్ యాప్ ఒకటి వేసిచ్చాడు. మా ఆవిడేమో "ముందు కాస్త నడవండి, ఆ టీవీ సౌండ్ తగ్గించండి" అంటుంది. నడిస్తే మెదడు పెరుగుతుందని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. అరవై దాటాక మెదడులో కొత్తగా ఏదీ జరగదని ఇంకొకటి వచ్చింది. ఏది నమ్మాలి? జ్ఞాపకశక్తికి అమ్మే మాత్రలు వాడొచ్చా? — ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో ఉన్న సలహాలన్నిటిలోకీ మీ ఆవిడ చెప్పిన రెండూ గట్టివి. ఆ టీవీ సంగతికి తర్వాత వస్తాను, అది మీరు అనుకున్నదానికన్నా పెద్ద విషయం. ముందు వాట్సాప్ మెసేజ్‌ల పని పడదాం.

అరవై తర్వాత మెదడులో కొత్తగా ఏదీ జరగదన్న మాట చాలా పాతది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నాడీకణాల శాస్త్రానికి పునాది వేసిన స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ కహాల్ అంతటివాడే, పెద్దవాళ్ల మెదడులో దారులన్నీ ఖరారైపోతాయని రాశాడు. ఆయన మాట కొన్ని దశాబ్దాలు చెల్లింది. 1964లో అమెరికాలోని బర్క్‌లీలో మేరియన్ డైమండ్ బృందం ఎలుకల మీద చేసిన పనితో అది కదలడం మొదలైంది. తోటి ఎలుకలూ, మార్చిమార్చి పెట్టే ఆటవస్తువులూ ఉన్న బోనులో పెరిగిన ఎలుకల మెదడు పైపొర, ఒంటరిగా ఖాళీ బోనులో ఉన్నవాటికన్నా మందంగా ఉందని చూపించారు. ఆ తర్వాత ముసలి ఎలుకల్లోనూ ఈ తేడా కనిపించింది.

పెద్దల మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా అన్న ప్రశ్న మాత్రం ఇంకా తెగలేదు. 2018లో నెలరోజుల తేడాలో రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకటి పుట్టవంది, ఇంకొకటి డెబ్భైలలో కూడా పుడుతున్నాయంది. మీ మెసేజ్ ఈ గొడవలో ఒక పక్షం మాటను పట్టుకుని రాసినట్టుంది. అయితే ఆ గొడవ ఎటు తేలినా మీకొచ్చే నష్టం లేదు. కొత్త కణం పుట్టకపోయినా, ఉన్న కణాల మధ్య అతుకులు బలపడతాయి, వాడనివి ఊడిపోతాయి, నాడీతంతువుల మీది పూత మారుతుంది, రక్తనాళాలు మారుతాయి. ప్లాస్టిసిటీ అంటే ఇదంతా. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇది ఏ వయసులోనూ పూర్తిగా ఆగదు. నెమ్మదిస్తుంది, అంతే.

ఎంత నెమ్మదిస్తుందో చూపించే ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. మూడు బంతుల్ని గాల్లోకి ఎగరేస్తూ పట్టుకునే గారడీ మీరు చూసే ఉంటారు. జర్మనీలో కొందరు కుర్రవాళ్లకి దాన్ని మూడు నెలలు నేర్పించి, ముందూ తర్వాతా ఎంఆర్ఐ తీశారు. కదిలే వస్తువుల్ని గమనించే ప్రాంతంలో గ్రే మ్యాటర్ (నాడీకణాలు గుంపుగా ఉండే మెదడు భాగం) పెరిగిందని 2004లో ప్రకటించారు. తర్వాత అదే పని అరవై ఏళ్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లతో చేయించి 2008లో ఫలితాలు చెప్పారు. కుర్రవాళ్లలా చక్కగా నేర్చుకున్నవాళ్లు తక్కువే. కానీ నేర్చుకున్నవాళ్ల మెదడులో అదే ప్రాంతంలో మార్పు వచ్చింది. దాంతోపాటు కొత్త జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్‌లోనూ వచ్చింది. తర్వాత మూడు నెలలు బంతులు ముట్టుకోవద్దన్నారు. వచ్చిన పెరుగుదల వెనక్కి తగ్గిపోయింది.

అంటే ఈ వయసులోనూ మెదడు మారుతుంది, కానీ పని పెడితేనే. పెట్టిన పని ఆపేస్తే తాను కూడా సర్దుకుంటుంది. ఏదో ఒక కోర్సు మూడు నెలలు చేసేసి ఇక జీవితాంతం సరిపోతుందనుకోవడానికి లేదు.

ఇక మీ సుడోకు. పదేళ్లుగా చేస్తున్నారు, పైగా అంకెలతో బతికిన మనిషి. ఒకసారి మిమ్మల్ని మీరే గమనించుకోండి. పేపర్ తెరవగానే పెన్సిల్ ఎక్కువ అంకెలున్న గడికే పోతుంది. ఈ వరుసలో ఏడు లేదు, ఆ నిలువులో ఏడు ఉంది, కాబట్టి ఇక్కడే అని చెయ్యి రాసేస్తుంది. అంతలో మీరు వంటింట్లోవాళ్లతో కబుర్లు కూడా చెబుతుంటారు. చేస్తూ కబుర్లు చెప్పగలుగుతున్నారంటే ఆ పని మెదడుకు అలవాటైపోయిందని లెక్క. తప్పులూ తడబాట్లూ ఉన్న మొదటి నెలల్లోనే దానివల్ల రావలసింది చాలావరకు వచ్చేసి ఉంటుంది. మానేయమని అనడం లేదు, సరదాగా ఉంటే చేసుకోండి. దాన్ని వ్యాయామం ఖాతాలో మాత్రం రాయకండి.

మీ అబ్బాయి వేసిచ్చిన యాప్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. ఈ రకం శిక్షణ మీద జరిగిన పెద్ద పరిశోధనల్లో ఒకటి అమెరికాలో చేసిన యాక్టివ్ ట్రయల్. 65 దాటిన 2,832 మందిని తీసుకుని కొందరికి జ్ఞాపకశక్తిలో, కొందరికి తార్కికంగా ఆలోచించడంలో, కొందరికి తెర మీద కనిపించేదాన్ని వేగంగా గుర్తుపట్టడంలో పదేసి తరగతులు చెప్పారు. పదేళ్ల తర్వాత చూస్తే తర్కం, వేగం నేర్చుకున్నవాళ్లకు ఆ నైపుణ్యాలు ఇంకా కొంత నిలిచే ఉన్నాయి. జ్ఞాపకశక్తి శిక్షణ పొందినవాళ్లకు అది నిలవలేదు. ఎవరికి ఏది నేర్పారో అందులోనే మెరుగయ్యారు, ఒకదాని లాభం ఇంకొకదాంట్లోకి పెద్దగా పాకలేదు. కాబట్టి యాప్‌లో మీ స్కోర్ పెరిగితే, ఆ ఆటలో మీ స్కోర్ పెరిగిందని అర్థం. పెళ్లిలో ఎదురైన పాత కొలీగ్ పేరు దానివల్ల గుర్తొస్తుందని నేను హామీ ఇవ్వలేను. అబ్బాయి ప్రేమగా ఇచ్చాడు, ఆడుకోండి. డబ్బు కట్టి పెద్ద ప్యాకేజీ మాత్రం తీసుకోవద్దు.

మరి ఏం చేయాలి? మీకు చేతకానిది ఏదైనా మొదలుపెట్టండి. ఇది ఊరికే అంటున్న మాట కాదు. డల్లాస్‌లో డెనిస్ పార్క్ బృందం 60 నుంచి 90 ఏళ్ల వాళ్లకు మూడు నెలలపాటు, వారానికి 15 గంటల చొప్పున, డిజిటల్ ఫొటోగ్రఫీ గానీ, రకరకాల గుడ్డముక్కల్ని కలిపి దుప్పట్లు కుట్టే పని గానీ, రెండూ గానీ నేర్పించింది. పోలిక కోసం ఇంకో జట్టును కలిసి కబుర్లు చెప్పుకోమని, బయట తిరిగి రమ్మని వదిలేసింది. మరో జట్టు ఇంట్లోనే తేలికపాటి పజిళ్లూ పాటలతో గడిపింది. సంఘటనల్ని గుర్తుపెట్టుకునే శక్తి కొత్త పని నేర్చుకున్నవాళ్లలోనే ఎక్కువ మెరుగుపడింది. ఫొటోగ్రఫీ బ్యాచ్ వాళ్లు ఇంకాస్త ముందున్నారు. కెమెరా సెట్టింగులు, కంప్యూటర్‌లో ఫొటో సరిదిద్దడం, దేని తర్వాత ఏది నొక్కాలో గుర్తుపెట్టుకోవడం, ఇన్ని కొత్తవి ఒకేసారి మీదపడ్డాయి మరి. 2014లో వచ్చిన ఈ ఫలితాలు చిన్న జట్లవే. అయినా నాకు నమ్మకం కలిగించేవి ఇలాంటివే, ఎందుకంటే బంతుల గారడీ చెప్పిన సంగతే ఇవీ చెబుతున్నాయి.

మీకు అంకెలొచ్చు కాబట్టి అంకెలు లేనిది ఎంచుకోండి. కీబోర్డ్ వాయించడం అనుకుందాం. మొదటి వారం కుడిచేతి వేళ్లు ఎలాగో సరిగమలు పలికిస్తాయి. రెండో వారం టీచర్ ఎడమచేత్తో తాళం వేస్తూ కుడిచేత్తో పాట వాయించమంటారు. అక్కడ మొదలవుతుంది అసలు పని. ఎడమచెయ్యి చక్కగా కుడిచేతిని కాపీ కొడుతుంది. అటు చూస్తే ఇటు తప్పుతుంది, ఇటు చూస్తే అటు ఆగిపోతుంది. చిరాకేస్తుంది, ఈ వయసులో నాకెందుకిది అనిపిస్తుంది. ఆ చిరాకు పుడుతున్న చోటే మీకు కావలసిన పని జరుగుతోంది. ఒకరోజు నాలుగు వరుసలు తప్పు లేకుండా వస్తాయి, మర్నాటికి మళ్లీ మూడే వస్తాయి. కొత్త భాషైనా, బొమ్మలు గీయడమైనా, నాట్యమైనా ఇదే తంతు. ఏదైనా పర్వాలేదు, రెండు షరతులున్నాయి. మీరు తప్పులు చేస్తూ ఉండాలి, సరిదిద్దడానికి ఎదురుగా మనిషి ఉండాలి. తప్పులు రావడం ఆగిపోయాయంటే ఇంకో మెట్టు పైది అడగండి.

నడక దగ్గరికి వద్దాం. మీకొచ్చిన మెసేజ్‌కి మూలం బహుశా 2011లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన. పెద్దగా వ్యాయామం అలవాటు లేని 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల వరకు వేగంగా నడిచింది. ఇంకో జట్టు ఒళ్లు సాగదీసే తేలిక వ్యాయామాలు చేసింది. ఏడాది తర్వాత నడిచినవాళ్ల హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, రెండో జట్టుకు 1.4 శాతం తగ్గింది. ఈ వయసులో ఆ భాగం ఏటా ఒకటి రెండు శాతం తగ్గడం మామూలే కాబట్టి వార్త గుప్పుమంది. వార్తల్లో రానిది ఏమిటంటే, జ్ఞాపకశక్తి పరీక్షలో రెండు జట్లూ మెరుగయ్యాయి, నడిచినవాళ్లు ప్రత్యేకంగా ముందుకు పోలేదు. స్కాన్‌లో కనిపించినంత తేడా జ్ఞాపకశక్తిలో కనిపించలేదన్నమాట. పైగా 2022లో వచ్చిన మరో ట్రయల్‌లో, మతిమరుపు పెరుగుతోందని బెంగపడుతున్న 585 మందికి వ్యాయామం, ధ్యానం, రెండూ కలిపి ఇచ్చి చూశారు. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవాళ్లతో పోలిస్తే జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అయితే నడక వద్దంటావా అని అడగకండి. తప్పకుండా నడవండి. మెదడు మన బరువులో దాదాపు 2 శాతమే ఉన్నా, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు అదే వాడుకుంటుంది. అదంతా రక్తంతోనే అందాలి. రక్తనాళాలు బాగున్నంతసేపే పైన చెప్పిన కొత్త అతుకులైనా, పూతలైనా. నడక బీపీని, షుగర్‌ని, నిద్రని, మనసుని ఒకేసారి సర్దుతుంది. మెదడు పెరుగుతుందని మాత్రం నడవకండి, అలా నడిచేవాళ్లు మూడో నెలలో ఏమీ పెరగలేదని మానేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చేవి, మూడు రోజులు పడిపోకుండా నిలదొక్కుకునే బ్యాలెన్స్ వ్యాయామాలు. ఓ మోస్తరు అంటే ఎంతో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఫోన్ చూసుకుంటూ నడవగలుగుతున్నారంటే అది షికారు కింద లెక్క.

బీపీ మాత్ర మానకండి. దాన్ని అదుపులో ఉంచుకోవడం మెదడుకు చేసుకునే మేళ్లలో ముందు వరసలోది. 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ పరిశోధనలో పై అంకెను 120 లోపు ఉంచాలని చూసిన జట్టులో, 140 లోపుతో సరిపెట్టుకున్న జట్టుకన్నా, తొలిదశ మతిమరుపు తక్కువమందికి వచ్చింది. డిమెన్షియా (రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా మతి తగ్గిపోయే జబ్బు) విషయంలో తేడా గట్టిగా తేలలేదు. మీ అంకె ఎంత ఉండాలో మీ డాక్టర్ చెప్పాలి. ఇది చదివి మోతాదు పెంచుకోకండి. కళ్లు తిరిగి పడితే మొదటికే మోసం.

ఇప్పుడు టీవీ సౌండ్. ఇంట్లోవాళ్లు తగ్గించమంటున్నారంటే మీకు వినికిడి తగ్గుతూ ఉండొచ్చు. ఈ వయసులో ముందు పోయేది సన్నటి, పదునైన శబ్దాలు. స, ష, త, ఫ లాంటివి చెవికి తేడాగా అందవు. మాట వినిపిస్తుంది, ఏ మాటో తెలియదు. మామూలు వాక్యంలో అయితే మిగతా మాటల్ని బట్టి మెదడు పూరించుకుంటుంది. పేరు దగ్గర ఆ వీలు లేదు. సందడిలో ఎవరో "ఈయన సతీశ్" అని పరిచయం చేస్తే మీకు "...తీశ్" అని అందింది అనుకోండి. మర్యాదకు తలాడిస్తారు. రెండు నెలల తర్వాత ఆ పేరు గుర్తు రాలేదని బాధపడతారు. లోపలికి వెళ్లనిది బయటికెలా వస్తుంది? పైగా విన్నదాన్ని అర్థం చేసుకోవడానికే శ్రమంతా పోతే, గుర్తుపెట్టుకోవడానికి మిగిలేది తక్కువ. మెల్లగా జనంలోకి వెళ్లడమే తగ్గిపోతుంది, అది ఇంకో దెబ్బ.

2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం సరిదిద్దుకోగల 14 కారణాలను లెక్కగట్టింది. అన్నిటినీ సరిదిద్దితే సుమారు 45 శాతం కేసులను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని అంచనా వేసింది. వాటిలో వినికిడి లోపం ముఖ్యమైనది. వినికిడి పరికరం పెట్టుకుంటే మెదడు మందగించడం తగ్గుతుందా అని 2023లో ఒక ట్రయల్ చూసింది. మొత్తంగా తేడా రాలేదు. కానీ ముందే రిస్క్ ఎక్కువగా ఉన్నవాళ్లలో మూడేళ్లలో ఆ మందగమనం 48 శాతం తగ్గింది. మీరు ఏ గుంపులో ఉన్నా ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకుంటే పోయేదేమీ లేదు. ఈ ఉత్తరంలో నేను చెప్పినవాటిలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి.

పరీక్ష మామూలుగా వచ్చినా పేర్ల గురించి మరీ టెన్షన్ పడకండి. పేరు నాలుక చివర ఆగిపోవడం వయసుతో అందరికీ వచ్చేదే. మాటల సంపద, లోకజ్ఞానం డెబ్భైల దాకా బాగానే నిలుస్తాయి, తగ్గేది వేగం. కొత్త పేరు విన్నప్పుడు అక్కడికక్కడే ఒకసారి పలకండి. పది నిమిషాలయ్యాక మళ్లీ గుర్తుచేసుకోండి, ఇంటికెళ్లాక ఇంకోసారి. కాగితం చూసి చదువుకోవడం కన్నా, చూడకుండా తవ్వి తీయడమే పేరును గట్టిపరుస్తుంది.

నిద్ర గురించి మీరు రాయలేదు, అయినా ఒక మాట. పగలు నేర్చుకున్నది స్థిరపడేది రాత్రి గాఢనిద్రలో, వయసుతో తగ్గేది ఆ గాఢనిద్రే. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందని ఇంట్లోవాళ్లు చెబితే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి. నిద్ర కోసం, జలుబు కోసం సొంతంగా కొని వేసుకునే కొన్ని మాత్రలు, ముఖ్యంగా డైఫెన్‌హైడ్రమిన్ ఉన్నవి, పెద్దవాళ్లలో జ్ఞాపకశక్తిని మసకబారుస్తాయి. మందుల పెట్టెలో అలాంటిది ఉంటే డాక్టర్‌కు చూపించండి.

తిండి విషయంలో ఎక్కువ చెప్పను. మెదడుకు మంచిదని పేరుపడ్డ మైండ్ డైట్‌ని 604 మంది మీద మూడేళ్లు పరీక్షిస్తే, మామూలు తిండినే కాస్త తగ్గించి తిన్నవాళ్లకన్నా మెరుగైన ఫలితం రాలేదని 2023లో తేలింది. గుండెకు మంచిదని మీ డాక్టర్ చెప్పిన తిండి మెదడుకూ సరిపోతుంది.

ఇవన్నీ కలిపి చేస్తే ఏమవుతుందో ఫిన్లాండ్ వాళ్లు చూశారు. కాస్త రిస్క్ ఉన్న 1,260 మందికి రెండేళ్లు తిండి, వ్యాయామం, మెదడు శిక్షణ, బీపీ వగైరాల మీద నిఘా అన్నీ కలిపి ఇస్తే కొద్దిపాటి మేలు కనిపించిందని 2015లో ప్రకటించారు. అమెరికాలో 2,111 మంది మీద చేసిన అలాంటి ట్రయల్ ఫలితం 2025లో వచ్చింది. అక్కడ రెండు జట్లకూ మంచి అలవాట్లే చెప్పారు. ఒక జట్టును వాళ్లకు నచ్చినట్టు చేసుకోమన్నారు, ఇంకో జట్టుకు టైమ్‌టేబుల్, గ్రూపు మీటింగులు, వెంటపడి అడిగే మనిషిని పెట్టారు. రెండు జట్లూ మెరుగయ్యాయి, రెండోది కొంచెం ఎక్కువ. తేడా చిన్నదే. అయినా కీబోర్డ్ క్లాసుకు డబ్బు కట్టి చేరమనేది, నడకకు ఒక తోడు వెతుక్కోమనేది అందుకే. ఇంట్లో కూర్చుని చేద్దాంలే అనుకున్నవి మనలో ఎంతమందిమి చేస్తాం?

ఒక హెచ్చరిక కూడా. "చురుగ్గా ఉండేవాళ్ల మెదడు చురుగ్గా ఉంటుంది" అనే వార్తలు చదివేటప్పుడు, అది ఎటునుంచి ఎటు అని అడగండి. మెదడు బాగున్నవాళ్లే క్లాసులకు వెళ్తారు, స్నేహితుల్ని కలుస్తారు. మెదడు మందగించడం మొదలైనవాళ్లు జబ్బు బయటపడడానికి ఏళ్ల ముందే ఇవి తగ్గించుకుంటారు. అందుకే, జనాన్ని చీటీలు తీసినట్టు జట్లుగా విడగొట్టి చేసిన ట్రయల్స్‌కే నేను ఎక్కువ విలువిచ్చాను, వాటిలో లాభాలు చిన్నవిగా కనిపించినా సరే.

మాత్రలు కొనకండి. వాటిలో బాగా పేరున్న గింకో బిలోబాను (ఒక చెట్టు ఆకుల సారం) సగటున 79 ఏళ్ల 3,069 మందికి ఏళ్లతరబడి ఇచ్చి చూశారు. డిమెన్షియా రావడం తగ్గలేదని 2008లో తేలింది. ఆ డబ్బుతో విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఈ రెంటి లోపం వల్ల వచ్చే మతిమరుపుకు మందుంది.

పేరు మర్చిపోయి సాయంత్రానికి గుర్తొస్తే పట్టించుకోనక్కర్లేదు. రోజూ వెళ్లే దారిలో ఎటు తిరగాలో తోచకపోయినా, చెప్పిన విషయమే మళ్లీ మళ్లీ చెబుతున్నారని ఇంట్లోవాళ్లు అంటున్నా, ఒకప్పుడు కళ్లు మూసుకుని చేసిన లెక్కల్లో తప్పులు దొర్లుతున్నా ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్‌ను కలవండి. వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి. అక్కడ అడిగే ప్రశ్నల్లో చాలావాటికి మనకన్నా వాళ్లే సరిగ్గా జవాబు చెబుతారు.